మందు పాతదా, తుపాకి పాతదా?

కలకత్తాలో నలుగురం కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన అన్నారు: "తాతలనాటి తుపాకిలో విదేశీ పొగలేని మందు పోస్తే గొట్టం పగులుతుంది. శుక్రనీతిలో చెప్పిన మన మందు పోస్తే పగలదు. మనవాళ్ళ విజ్ఞానానికి ఇంతకన్నా రుజువేం కావాలి?" నేను ఊరుకోక, "కొత్తదే ఎప్పుడూ మేలు లెండి" అనేశాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఇద్దరమూ తప్పే.

ముందు తుపాకి సంగతి. నల్లమందంటే మనకు అభిని కనుక 'పాత మందు' అందాం. అందులో సురేకారం 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10. కాలాక సగానికి పైగా పొగగానో మసిగానో మిగులుతుంది. పొగలేని మందును 1884లో ఫ్రాన్సులో పాల్ వియెయ్ తయారు చేశాడు. అందులో ముఖ్యమైనది నైట్రోసెల్యులోజ్. అది దాదాపు మొత్తం వాయువుగా మారుతుంది. గొట్టంలో ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా వేగంగా మండుతుంది. మూతినుంచి మందు కూరే వేట తుపాకిలో పాత కొలత ప్రకారమే దీన్ని పోస్తే గొట్టం పగలక ఏమవుతుంది? తప్పు మందుది కాదు, కొలతది, ఇనుముది.

అమెరికాలో 2000 ప్రాంతంలో సావేజ్ కంపెనీ పొగలేని మందుకు తగ్గట్టుగా మూతినుంచి కూరే వేట తుపాకి తెచ్చింది. అందులోనూ చెప్పిన రకం, చెప్పిన తూకం దాటకూడదు.

మాకు దగ్గరలోని ఇషాపూర్ చరిత్రా ఇదే చెబుతుంది. అక్కడ 1787లో మందు కర్మాగారం పెట్టారు, 1791లో ఉత్పత్తి మొదలైంది. 1904లో అదే చోట రైఫిల్ ఫ్యాక్టరీ వచ్చింది. ఈ మధ్యకాలంలో బ్రిటిషువారికీ ఒక పాఠం తగిలింది. పాత మందు కోసం చేసిన 1888 నాటి లీ మెట్‌ఫోర్డ్ రైఫిల్‌లో కార్డైట్ అనే పొగలేని మందు కాలిస్తే గొట్టంలోని గాళ్ళు త్వరగా అరిగిపోయాయి. 1895లో గాళ్ళు మార్చి లీ ఎన్‌ఫీల్డ్ చేశారు.

ఇక శుక్రనీతి. మద్రాసులో గుస్టావ్ ఆపర్ట్ 1880లో దీన్ని ఆధారం చేసుకుని ప్రాచీన భారతంలో తుపాకిమందు ఉందన్నాడు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ ఆచార్యుడు ప్రఫుల్ల చంద్ర రాయ్ తన హిందూ రసాయన శాస్త్ర చరిత్రలో ఒప్పుకోలేదు. ముస్లిం పాలనాకాలంలో మందు వాడుకలోకి వచ్చాక ఆ భాగాలు చేర్చినవని తేల్చారు. మందు పాళ్ళు రాతలో దొరికే తొలి గ్రంథం 1044 నాటిది, చైనాది. రాయ్ దేశాభిమానం లేనివాడా? స్వదేశీ మందుల కోసం బెంగాల్ కెమికల్స్ స్థాపించినవాడు! అభిమానం వేరు, ఆధారం వేరు అని ఆయనకు తెలుసు.

నలభై ఏళ్ళు రక్షణశాఖ పద్దులు చూశాను. వోచరు లేని ఖర్చును పాతదనీ ఒప్పుకోము, కొత్తదనీ ఒప్పుకోము. 1972 చట్టం తర్వాత మనకు వేట ఎలాగూ లేదు. కాని వోచరు అడిగే అలవాటు పోకూడదు. ముందు మననే అడుగుకోవాలి. ఆ రోజు నేను అడుగుకోలేదు.