పిల్స్‌నర్: ఊరు బీరైన కథ

గద్వాల కట్టుకుంది, మంగళగిరి కొన్నాం అంటాం. చీర మాట ఎత్తనక్కర్లేదు. బీరు సీసాల మీద కనిపించే ‘పిల్స్‌నర్’ కూడా ఆ బాపతే. నేటి చెక్ దేశంలోని ప్ల్జెన్ పట్టణాన్ని జర్మన్లు పిల్సెన్ అంటారు. పిల్స్‌నర్ అంటే పిల్సెన్‌ది, అంతే.

ఆ ఊరి బీరు ఒకప్పుడు ఎంత అధ్వానమంటే, 1838లో 36 పీపాల సరుకును టౌన్‌హాలు ముందే పారబోశారు. విసిగిపోయిన పౌరులు తామే కొత్త బ్రూవరీ కట్టించి, బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్‌ను రప్పించారు. మనిషి మహా మోటు అంటారు. పనితనం మాత్రం గట్టిది.

చల్లదనంలో, పీపా అడుగున చేరి నింపాదిగా పులియబెట్టే ఈస్టుతో బీరు చేయడం బవేరియా విద్య. తర్వాత నేలమాళిగల్లో వారాల తరబడి ఊరనిస్తారు. జర్మన్‌లో ‘లాగర్న్’ అంటే నిల్వచేయడం. మన బార్ల మెనూల్లోని ‘లాగర్’ అక్కడిదే. గ్రోల్ ఈ విద్యకు లేతరంగు మాల్టునూ, ఆ ప్రాంతపు జాట్స్ హాప్స్‌నూ, లవణాలు బాగా తక్కువున్న ఊరి నీళ్లనూ జోడించాడు. 1842 అక్టోబరు 5న కాచిన ఆ బీరు నవంబరులో జనం ముందుకొచ్చింది. ముదురు రంగు బీరుకు అలవాటుపడ్డ కళ్లకు బంగారు రంగు కనిపించింది! (గాజు గ్లాసులు చవకవడమూ కలిసొచ్చింది.)

ఇక ఎవరు కాచినా ఆ బీరు పిల్స్‌నరే. దాంతో ఊరివాళ్లు 1898లో ‘పిల్స్‌నర్ ఉర్‌క్వెల్’ అని ట్రేడ్‌మార్కు పెట్టుకోవాల్సొచ్చింది. ఉర్‌క్వెల్ అంటే అసలు ఊట. జర్మన్లు మాత్రం ఆ ఊరి పేరును ఇంకా కుదించి ‘పిల్స్’ అనేస్తారు.