స్థూలకాయ శస్త్రచికిత్స రోగుల నర్సింగు సంరక్షణ

స్థూలకాయ శస్త్రచికిత్స రోగుల నర్సింగు సంరక్షణ అనగా బరువు తగ్గించుటకు జీర్ణకోశంపై చేసే శస్త్రచికిత్సకు ముందు, ఆసుపత్రిలో ఉన్న రోజులలో, ఇంటికి చేరిన తరువాత రోగికి నర్సులు అందించే సేవలు. ఈ శస్త్రచికిత్సను బేరియాట్రిక్ శస్త్రచికిత్స అని కూడా అంటారు. ఆపరేషను ఒకటి రెండు గంటలలో ముగుస్తుంది, ఆసుపత్రి వాసం కొద్ది రోజులే, కాని సంరక్షణ జీవితాంతం అవసరం. తెలంగాణలో ఈ శస్త్రచికిత్స చేసే కేంద్రాలు ప్రధానంగా హైదరాబాదులో ఉన్నాయి. అందువలన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి జిల్లాల నుండి వెళ్ళి ఆపరేషను చేయించుకున్న రోగి విషయంలో సంరక్షణలో ఎక్కువ భాగం స్వగ్రామానికి దగ్గరలోని నర్సు చేతిలోనే ఉంటుంది.

నేపథ్యం

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా నుండి ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా నుండి ములుగు జిల్లా వేరుపడింది. జనగామ పట్టణం హైదరాబాదు - వరంగల్ రహదారిపై ఉన్నది. మహబూబాబాద్ కాజీపేట - విజయవాడ రైలు మార్గంలో ఉన్నది. ఈ జిల్లాలో లంబాడీ తండాలు ఎక్కువ. భూపాలపల్లి సింగరేణి బొగ్గు గనుల ప్రాంతం. ఇక్కడి అటవీ గ్రామాలలో కోయలు నివసిస్తారు.

స్థూలకాయం నగరవాసుల సమస్య మాత్రమే అనే అభిప్రాయం సరికాదు. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 30.1 శాతం స్త్రీలు, 32.3 శాతం పురుషులు అధిక బరువు లేదా స్థూలకాయం కలిగి ఉన్నారు. అదే సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అనగా అధిక బరువు, పోషకాహార లోపం ఒకే ఇంటిలో, ఒక్కొక్కసారి ఒకే వ్యక్తిలో కనిపిస్తాయి. ఆపరేషను తరువాత ఇనుము గ్రహించే శక్తి తగ్గుతుంది కనుక ఈ ప్రాంతపు రోగుల సంరక్షణలో ఈ విషయం చాలా ముఖ్యం.

మూడు జిల్లాలలోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. మహబూబాబాద్ కళాశాల 2022లో, జనగామ, భూపాలపల్లి కళాశాలలు 2023లో ప్రారంభమయ్యాయి. అంతకు ముందు నుండి ఈ ప్రాంత రోగులకు పెద్ద దిక్కుగా ఉన్నది వరంగల్ లోని మహాత్మా గాంధీ స్మారక వైద్యశాల. ప్రజలు దీనిని ఎం.జి.ఎం. అని పిలుస్తారు.

శస్త్రచికిత్స రకాలు

* స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ: జీర్ణాశయంలో సుమారు 80 శాతం భాగాన్ని తొలగించి, మిగిలిన దానిని సన్నని గొట్టం ఆకారంలో ఉంచుతారు. ఆకలిని కలిగించే గ్రెలిన్ అనే హార్మోను ఉత్పత్తి కూడా తగ్గుతుంది.
* గ్యాస్ట్రిక్ బైపాస్: జీర్ణాశయపు పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి, దానిని నేరుగా చిన్నప్రేగు మధ్యభాగానికి కలుపుతారు. ఆహారం చిన్నప్రేగు మొదటి భాగాన్ని తాకకుండా పోతుంది.

గ్యాస్ట్రిక్ బైపాస్‌ను 1960వ దశకంలో అమెరికాలో ఎడ్వర్డ్ మేసన్ ప్రవేశపెట్టాడు. 1994 నుండి ఇది లాపరోస్కోపు ద్వారా, చిన్న రంధ్రాలతో చేయడం మొదలైంది. గాయం చిన్నది కావడం వలన రోగి త్వరగా లేచి నడవగలుగుతాడు. కాని పైకి చిన్న గాట్లు మాత్రమే కనిపించడం వలన లోపల జరిగినది పెద్ద ఆపరేషను అన్న సంగతిని రోగి, బంధువులు మరచిపోయే ప్రమాదం ఉన్నది.

అర్హత

బరువును కిలోగ్రాములలో తీసుకొని, మీటర్లలో ఎత్తు యొక్క వర్గంతో భాగిస్తే శరీర ద్రవ్యరాశి సూచిక వస్తుంది. ఉదాహరణకు 1.60 మీటర్ల ఎత్తు, 96 కిలోల బరువు గల వ్యక్తి సూచిక 37.5. అమెరికాలో 1991లో రూపొందించిన ప్రమాణాల ప్రకారం సూచిక 40 దాటినవారికి, లేదా 35 దాటి మధుమేహం వంటి తీవ్ర వ్యాధులు ఉన్నవారికి ఆపరేషను సూచించారు. ఆసియా వాసులకు తక్కువ బరువులోనే మధుమేహం, గుండె జబ్బులు వస్తున్నందున భారతదేశపు శస్త్రవైద్యులు 37.5, 32.5 హద్దులను పాటిస్తూ వచ్చారు. 2022లో అంతర్జాతీయ సంఘాలు ఈ హద్దులను ఇంకా తగ్గించాయి.

శస్త్రచికిత్సకు ముందు సంరక్షణ

ఈ దశలో నర్సు చేయవలసిన పనులు:

* ఎత్తు, బరువు, రక్తపోటు, రక్తంలో చక్కెర నమోదు చేయడం. రక్తపోటు కొలిచే పట్టీ చేతి చుట్టుకొలతకు తగినంత పెద్దదిగా ఉండాలి. చిన్న పట్టీ వాడితే రక్తపోటు లేనిది ఉన్నట్లు చూపుతుంది.
* గురక, నిద్రలో ఊపిరి ఆగడం, పగటి నిద్రమత్తు గురించి రోగిని, ఇంటివారిని అడగడం. ఇవి నిద్రా శ్వాసావరోధానికి గుర్తులు. ఆపరేషను తరువాత మత్తు మందుల ప్రభావంతో ఇది ప్రాణాపాయం కాగలదు.
* పొగాకు పూర్తిగా మానిపించడం. బీడీ, సిగరెట్టు గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి, ప్రేగు అతికిన చోట పుండును కలిగిస్తాయి.
* ఆపరేషనుకు ముందు సుమారు 2 వారాలు వైద్యుడు సూచించిన తక్కువ కేలరీల ఆహారాన్ని పాటింపజేయడం. దీనివలన కాలేయం పరిమాణం తగ్గి శస్త్రవైద్యునికి పని సులభమవుతుంది.
* మంచం, చక్రాల కుర్చీ, బల్ల రోగి బరువును మోయగలవో లేదో ముందే చూసుకోవడం.
* లోతైన శ్వాస, దగ్గడం, కాళ్ళు కదిలించడం వంటి వ్యాయామాలను ముందే నేర్పడం. ఆపరేషను తరువాత నొప్పిలో నేర్పితే రోగి గ్రహించలేడు.

రోగిని పేరుతో, మర్యాదగా సంబోధించాలి. బరువును ప్రస్తావిస్తూ వార్డులో హాస్యమాడటం, అందరి ఎదుట బరువు తూచి గట్టిగా చదవడం తగదు. చిన్నప్పటి నుండి ఎగతాళికి గురైన రోగి ఒకసారి అవమానపడితే తరువాతి పరీక్షలకు రావడమే మానివేస్తాడు.

శస్త్రచికిత్స తరువాత ఆసుపత్రిలో

శ్వాస: తలభాగం 30 నుండి 45 డిగ్రీలు ఎత్తుగా ఉండేలా పడుకోబెట్టాలి. వెల్లకిలా చదునుగా పడుకుంటే పొట్ట బరువు ఊపిరితిత్తులపై పడుతుంది. రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని ఎప్పటికప్పుడు గమనించాలి.

నడక: అదే రోజు సాయంత్రానికి రోగిని లేపి కొద్ది అడుగులు నడిపించాలి. కాళ్ళ సిరలలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం ఈ రోగుల మరణాలకు ముఖ్య కారణాలలో ఒకటి. నడకతో పాటు వైద్యుడు సూచించిన హెపారిన్ జాతి ఇంజెక్షన్లు వేళకు ఇవ్వాలి. బరువైన రోగిని ఒక్క నర్సు లేపరాదు. దానివలన రోగి పడిపోవచ్చు, నర్సు నడుముకు దెబ్బ తగలవచ్చు.

నొప్పి: ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు ముఖ్యంగా బైపాస్ తరువాత పుండ్లను కలిగిస్తాయి కనుక వైద్యుడు చెప్పనిదే ఇవ్వరాదు.

చక్కెర: మధుమేహ రోగులలో బరువు తగ్గక ముందే, కొద్ది రోజులలోనే చక్కెర తగ్గుతుంది. పాత మోతాదులో ఇన్సులిన్ ఇస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

చర్మం: పొట్ట మడతలు, తొడల సందులలో చెమ్మ నిలువకుండా శుభ్రపరచి ఆరబెట్టాలి.

ముక్కు గొట్టం: కొత్తగా కుట్టిన జీర్ణాశయానికి రంధ్రం పడే ప్రమాదం ఉన్నందున శస్త్రవైద్యుని అనుమతి లేకుండా ముక్కు ద్వారా గొట్టం వేయరాదు.

ప్రమాద సంకేతాలు

కుట్టు వేసిన చోట నుండి జీర్ణరసాలు కడుపులోకి కారడం అత్యంత భయంకరమైన ఉపద్రవం. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో ఇది రోగి ఇంటికి చేరిన తరువాత కూడా బయటపడవచ్చు. లావుగా ఉన్నవారిలో పొట్ట గట్టిపడటం చేతికి స్పష్టంగా తెలియదు. తొలి గుర్తు తరచుగా నాడి వేగమే. ఈ క్రింది వానిలో ఏది కనిపించినా ఆలస్యం చేయరాదు:

* విశ్రాంతిలో కూడా నాడి నిమిషానికి 120కి మించి కొనసాగడం
* జ్వరం, చలి
* ఎడమ భుజంలో నొప్పి, పెరుగుతున్న కడుపునొప్పి
* ఆయాసం, కారణం తెలియని ఆందోళన
* ఒక కాలిపిక్కలో వాపు, నొప్పి
* నల్లని విరేచనం, రక్తపు వాంతి
* నీరు కూడా నిలువని వాంతులు

గ్రామాలలో ఇటువంటి రోగి మొదట చూపించుకునేది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో లేదా స్థానిక ప్రథమ చికిత్సకుని వద్ద. కడుపులో మంట, గ్యాసు అని తలచి మందు ఇచ్చి పంపివేస్తే విలువైన గంటలు పోతాయి. నాడి లెక్కించుటకు పెద్ద పరికరమేదీ అక్కరలేదు. ఆపరేషను జరిగిన రోగి అని తెలియగానే ఒక నిమిషం పూర్తిగా నాడి చూచి, ఆపరేషను చేసిన కేంద్రానికి ఫోను చేసి, 108 అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపడం నర్సు చేయగల ప్రాణరక్షక చర్య.

ఆహార క్రమం

శస్త్రచికిత్సా కేంద్రాన్ని బట్టి వివరాలు కొంత మారుతాయి. సాధారణ క్రమం ఇది:

* మొదటి రోజులు: నీరు, వడగట్టిన పప్పు తేట. సుమారు 15 నిమిషాలకు ఒకసారి 30 మిల్లీలీటర్లు, గుక్కలుగా.
* రెండు వారాల వరకు: పాలు, మజ్జిగ, పలుచని రాగి జావ వంటి ద్రవాలు.
* మూడు, నాలుగు వారాలు: మెత్తగా మెదిపిన పెసరపప్పు, పెరుగు, గుడ్డు.
* తరువాత క్రమంగా మెత్తని అన్నం, ఉడికిన కూరలు, చేప. జొన్నరొట్టె, గట్టి మాంసం చివరగా, బాగా నమిలి తినాలి.

రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అవసరం. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి కనుక అన్నం కంటే ముందు పప్పు, గుడ్డు, పెరుగు తినే అలవాటు చేయాలి. భోజనానికి, నీటికి మధ్య అరగంట వ్యవధి ఉంచాలి. రోజుకు ఒకటిన్నర లీటర్ల ద్రవం గుక్కలుగా తాగాలి. బొగ్గు గనుల ప్రాంతపు వేసవిలో, పొలం పనులలో ఇది చాలదు. ఒకేసారి చెంబెడు నీరు తాగలేని రోగికి వడదెబ్బ త్వరగా తగులుతుంది.

తీపి పదార్థాలు త్వరగా ప్రేగులోకి జారితే గుండెదడ, చెమట, కళ్ళు తిరగడం, విరేచనాలు కలుగుతాయి. దీనిని డంపింగ్ సిండ్రోమ్ అంటారు. ఇది బైపాస్ రోగులలో ఎక్కువ. సద్దుల బతుకమ్మ నాటి మలీద, మేడారం జాతరలో బంగారం అని పిలిచే బెల్లం ప్రసాదం విషయంలో రోగికి ముందే చెప్పాలి. వద్దని గదమాయించుట కంటే కొద్దిగా నాలుకపై వేసుకొనమని చెప్పుట ఆచరణకు దగ్గరగా ఉంటుంది.

కల్లు, సారా విషయంలో మాత్రం సడలింపు తగదు. బైపాస్ తరువాత మద్యం చాలా వేగంగా రక్తంలో కలుస్తుంది. మునుపటి అలవాటు ప్రకారం తాగినవారు ప్రమాదంలో పడతారు. వ్యసనంగా మారే అవకాశం కూడా పెరుగుతుంది.

ఇంటికి చేరిన తరువాత

రోగి తెచ్చుకునే డిశ్చార్జి కాగితం సాధారణంగా ఆంగ్లంలో ఉంటుంది. ఏ ఆపరేషను, ఏ తేదీన జరిగింది, ఏ మందులు వాడాలి, ఏవి వాడరాదు, ఎవరికి ఫోను చేయాలి అనే ఐదు విషయాలను తెలుగులో ఒక చీటీపై వ్రాసి ఇవ్వడం మేలు. తండాలలో లంబాడీ, అటవీ గ్రామాలలో కోయ భాష తెలిసిన ఆశా కార్యకర్త సహాయంతో వివరించి, రోగి చేత తిరిగి చెప్పించుకోవాలి. తల ఊపడం అర్థమైనట్లు కాదు.

హెపారిన్ ఇంజెక్షన్లు ఇంటివద్ద కొనసాగవలసి ఉంటే ఏ.ఎన్.ఎం. వేయవచ్చు. మొదటి వారాలలో మాత్రలను వైద్యుని సలహాతో పొడిచేసి లేదా ద్రవరూపంలో ఇవ్వాలి. అన్ని మాత్రలూ పొడిచేయదగినవి కావు.

దీర్ఘకాలిక సంరక్షణ

బరువు తగ్గి, బట్టలు వదులై, రోగి సంతోషంగా ఉన్న కాలంలోనే లోపాలు మెల్లగా మొదలవుతాయి. విటమిన్ బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం తీసుకోవాలి. కాల్షియం రోజుకు 1200 నుండి 1500 మిల్లీగ్రాములు అవసరం. ఇనుము, కాల్షియం మాత్రల మధ్య కనీసం 2 గంటల ఎడం ఉండాలి. ఇనుము మాత్రను చాయతో తీసుకొనరాదు. అరికాళ్ళ తిమ్మిరి, నాలుక మంట, అలసట కనిపిస్తే రక్తపరీక్ష చేయించాలి.

రోజుల తరబడి వాంతులయ్యే రోగికి థయమిన్ అనే విటమిన్ బి1 లోపించి చూపు చెదరడం, నడక తడబడటం, మతిమరుపు కలుగుతాయి. ఇటువంటి రోగికి గ్లూకోజు సెలైను ఎక్కించే ముందు థయమిన్ ఇవ్వాలి. లేనిచో మెదడుకు శాశ్వత నష్టం జరగవచ్చు. నీరసానికి గ్లూకోజు సీసా పెట్టించుకునే అలవాటు ఉన్న గ్రామాలలో ఈ ఒక్క సూత్రం తెలిసి ఉండటం ఎంతో అవసరం.

స్త్రీలు ఆపరేషను తరువాత 12 నుండి 18 నెలల వరకు గర్భం ధరించకుండా ఉండాలని సూచిస్తారు. బరువు తగ్గిన కొద్దీ గర్భధారణ అవకాశం పెరుగుతుంది కనుక ఈ మాట ముందే చెప్పాలి. బైపాస్ తరువాత గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు కనుక ఇతర పద్ధతులను వివరించాలి. గర్భం ధరించినవారి రక్తహీనతను తరచుగా పరీక్షించాలి.

కొందరిలో కొన్ని సంవత్సరాలకు బరువు కొంత తిరిగి పెరుగుతుంది. దీనిని రోగి తప్పుగా నిందించరాదు. కుంగుబాటు, ఒంటరితనం, మద్యం అలవాటు ఉన్నాయేమో విచారించాలి. ప్రతి నెలా గ్రామంలో అసంక్రామిక వ్యాధుల మందులు ఇచ్చే సమయంలోనే ఈ రోగుల బరువు, రక్తపోటు, మందుల వాడకం చూచినచో హైదరాబాదుకు వెళ్ళలేని నెలలలో కూడా సంరక్షణ తెగిపోదు.