డ్రోన్ రూల్స్: 2021లో ఒకే ఏడాది రెండుసార్లు ఎందుకు రాశారు?

డ్రోన్ల మీద నోట్సు తీస్తే మీకు ముందుగా కనబడేది బరువుల పట్టిక. 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 వరకు స్మాల్, 150 వరకు మీడియం, ఆపైన లార్జ్. ప్రిలిమ్స్‌కు అది చాలు. మెయిన్స్‌కు మాత్రం మరో ప్రశ్న వేసుకోండి: 2021లో కేంద్రం ఈ రూల్స్‌ను మార్చిలో ఒకసారి, ఆగస్టులో మరోసారి ఎందుకు రాయాల్సి వచ్చింది? నా లెక్కలో అసలు కథ ఆ అయిదు నెలల్లోనే ఉంది.

కాస్త వెనక్కి వెళ్దాం. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం గాలిపటాన్ని, బెలూన్‌ను కూడా 'ఎయిర్‌క్రాఫ్ట్' నిర్వచనంలో చేర్చింది. డ్రోన్ ఊసు అందులో ఎలా ఉంటుంది? 2014 మేలో ముంబయిలో ఓ దుకాణం డ్రోన్ మీద పిజ్జా పంపిన వీడియో దేశమంతా తిరిగింది. అదే ఏడాది అక్టోబర్ 7న డీజీసీఏ పబ్లిక్ నోటీసు ఇచ్చింది: నిబంధనలు వచ్చేదాకా పౌరులెవరూ డ్రోన్లు ఎగరేయకూడదు. ఒక్క ముక్కలో, నిషేధం. ఆ నిబంధనలు రావడానికి నాలుగేళ్ళు పట్టింది.

2018 ఆగస్టు 27న ప్రకటించిన నిబంధనలు డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. డిజిటల్ స్కై అనే పోర్టల్, 'అనుమతి లేనిదే ఎగరదు' అనే సాంకేతిక షరతు (ఎన్‌పీఎన్‌టీ), పగటిపూట మాత్రమే, కంటిచూపు మేరకే, 400 అడుగుల లోపే. కాగితం మీద బాగానే ఉంది. కానీ అప్పటికే జనం చేతుల్లో ఉన్న విదేశీ డ్రోన్లలో చాలావాటికి ఆ ఎన్‌పీఎన్‌టీ లేదు. మా పెద్దమ్మ కొడుకు పెళ్ళి వీడియోలు తీస్తాడు. 2019లో ఓ ముహూర్తానికి డ్రోన్ లేపగానే కానిస్టేబుల్ వచ్చి కాగితాలు అడిగాడు. అన్నయ్య దగ్గర కాగితాల్లేవు. ఏ కాగితం కావాలో అడిగిన కానిస్టేబుల్‌కూ సరిగ్గా తెలియదు. డ్రోన్ సంచిలోకి వెళ్ళింది, పెళ్ళి మామూలు కెమెరాతో అయింది. ఇలాంటి యజమానుల లెక్క తేల్చడానికే 2020 జనవరిలో కేంద్రం స్వచ్ఛంద వెల్లడికి అవకాశం ఇచ్చింది. అంటే నిబంధన ఒకచోట, వాస్తవం మరోచోట ఉన్నాయని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

ఇప్పుడు 2021కి రండి. మార్చి 12న మానవరహిత విమాన వ్యవస్థల నిబంధనలు వచ్చాయి. ఎగరేసిన ప్రతిసారీ అనుమతి, కుప్పలుగా ఫారాలు, స్వేచ్ఛగా ఎగరేసుకునే ప్రాంతాలు చాలా తక్కువ. స్టార్టప్‌లు, విద్యాసంస్థలు మొత్తుకున్నాయి. సడలింపు గురించి ఆలోచిస్తుండగానే జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్లతో పేలుడు పదార్థాలు జారవిడిచారు. ఇలాంటప్పుడు ప్రభుత్వాలు సాధారణంగా ఏం చేస్తాయి? బిగిస్తాయి. ఇక్కడ అలా జరగలేదు. మూడు వారాలైనా గడవకముందే, జూలై 15న మరింత సరళమైన ముసాయిదా వచ్చింది. ఆగస్టు 25న అదే డ్రోన్ రూల్స్, 2021 అయింది.

ఫారాలు 25 నుంచి 5కి, రుసుముల రకాలు 72 నుంచి 4కి తగ్గాయి. గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం చుట్టూ యెల్లో జోన్ 45 కిలోమీటర్ల నుంచి 12కి కుదించారు. ఈ నిర్ణయం వెనక తర్కం ఏమిటని అడిగితే నేను ఇలా రాస్తాను: జమ్మూలో డ్రోన్ పంపినవాడు ఫారం నింపడు. ఫారాలు పెంచితే నష్టపోయేది పెళ్ళి వీడియోవాడు, రైతు, ఇంజినీరింగ్ విద్యార్థి. అందుకే భద్రతను రెడ్ జోన్లకు, వాణిజ్య ఎగరవేతను శిక్షణకు ముడిపెట్టారు. ఇది నా అభిప్రాయం, మీరు విభేదించవచ్చు.

వినోదానికీ వ్యాపారానికీ గీత ఎక్కడుందో కూడా ఇక్కడే చూడాలి. నానోకు పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. మైక్రో అయితే సరదాకు అక్కర్లేదు, డబ్బు తీసుకుంటే కావాలి. డ్రోన్ అదే, ఆకాశం అదే, మారేది బేరం. 2022 ఫిబ్రవరి సవరణతో లైసెన్స్ మాటే తీసేసి, డీజీసీఏ అనుమతించిన శిక్షణ సంస్థ ఇచ్చే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ చాలన్నారు. అదే నెలలో విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించారు, విడిభాగాలకు మాత్రం అనుమతి ఉంది. తెలంగాణలో వికారాబాద్ నుంచి మందులు డ్రోన్లలో పంపే ప్రయోగం 2021 సెప్టెంబరులో మొదలైంది. ఉదాహరణ కావాలంటే అది వాడండి.

ఒక సమాఖ్య కోణం మరిచిపోకండి. విమానయానం కేంద్ర జాబితాలోది, శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలోవి. అందుకే కొత్త రూల్స్ రాష్ట్రాలకు, పోలీసులకు పరిమిత కాలం తాత్కాలిక రెడ్ జోన్ ప్రకటించే వీలిచ్చాయి. 1934 చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 వచ్చి 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 2025 సెప్టెంబరులో డ్రోన్లకు విడిగా ఒక బిల్లు ముసాయిదా కూడా బయటికొచ్చింది, అందులో జైలు శిక్షలున్నాయి. 2021 ఆగస్టులో లక్ష జరిమానాతో ఆగిన ప్రభుత్వం మళ్ళీ ఎటు నడుస్తోందో ఆ ముసాయిదాను రూల్స్ పక్కన పెట్టుకుని చదవండి. మా అన్నయ్య మాత్రం సర్టిఫికెట్ తీసుకున్నాడు. లామినేట్ చేయించి డ్రోన్ సంచిలోనే పెట్టుకుంటాడు.