వలసపోయిన చిన్న గిటారు

మన పండుగ సంచికలో గిటారు ముచ్చట ఏమిటని పెద్దలు కొందరు అడుగవచ్చును. పుట్టిన ఊరు విడిచిపోయిన ఒక వడ్రంగి కథ అది. అందుచేత మనవంటివారు చదువదగినదే అని మాకు తోచినది.

జర్మనీలోని సాక్సనీ సీమలో మార్క్‌నాయ్‌కిర్ఖెన్ అనే చిన్న ఊరు వాద్యాల పనికి పేరుపడినది. 1796లో క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ అక్కడ పుట్టినాడు. తండ్రి వడ్రంగి. కుమారుడు వియన్నా వెళ్లి, స్టౌఫర్ అనే ప్రసిద్ధుని వద్ద గిటారు పని నేర్చినాడు. ఇంతలో స్వగ్రామంలో తగవు ముదిరినది. గిటార్లు చేసే హక్కు తమదేననీ, బల్లలూ బీరువాలూ చేసేవారికి వాద్యాలతో పని లేదనీ వయొలిన్ పనివారి సంఘం 1826లో అధికారులకు మొరపెట్టుకొన్నది. వడ్రంగులు ఊరుకొనలేదు. 1832లో తీర్పు వడ్రంగుల పక్షమే అయినది. చిత్రమేమంటే, ఆ మరుసటి యేడే మార్టిన్ ఊరు విడిచినాడు! 1833 నవంబరులో న్యూయార్కు చేరినాడు. తగవులో గెలిచినవాడికి ఊళ్లో బ్రతుకు చల్లగా సాగుతుందని ఎవరు చెప్పగలరు?

ఆ మహానగరంలోనూ అతనికి కాలు నిలువలేదు. పెన్సిల్వేనియాలో, జర్మన్ మాట్లాడే మొరేవియన్ క్రైస్తవుల ఊరు నాజరెత్. పాత మిత్రుడొకడు ముందే ఆ ప్రాంతం చేరివున్నాడు. 1839 నాటికి మార్టిన్ కూడా అక్కడికే పోయినాడు. సొంత భాష వినబడేచోటికి చేరుకోవడం మనవారికి క్రొత్త సంగతి కాదు గదా.

మన వీణ పనివారి మాటలలో చెప్పుకొందాము. అతని తొలి గిటార్లకు, వియన్నా పద్ధతిన, బిరడలు ఆరూ తలకు ఒక ప్రక్కనే వుండేవి. స్పెయిను గిటార్లను చూచిన తరువాత రూపు మారినది. 1840 తరువాతి సంవత్సరాలలో పైపలక అడుగున రెండు బద్దీలను కత్తెరవలె అడ్డముగా బిగించే పద్ధతి వచ్చినది. నేటికీ ఉక్కు తీగల గిటారుకు సాధారణంగా అదే వెన్నెముక. ఆ గిటార్లు చిన్నవి. ‘సున్న’ అనే కొలతదాని వెడల్పు పదమూడున్నర అంగుళాలు. వాటికి కట్టినవి పేగు తంత్రులు.

1915 తరువాత అమెరికాలో హవాయి పాటల మోజు ప్రబలినది. ఉక్కు తీగలు వచ్చినవి. 1922లో మార్టిన్ సంస్థ వాటికని గిటారు చేసినది. అయితే జనం పాతవాటికి కూడా ఉక్కు తీగలే బిగించినారు. ఆ లాగుడుకు పైపలక ఉబ్బినది, గుర్రము ఊడినది, దండి ముందుకు వంగినది. పాత గిటారును బాగుచేయడమంటే సగం పని ఇట్టి పొరపాట్లను దిద్దడమే. వాటిని అతికినది చర్మపు బంక కాబట్టి, ఆవిరి తగిలితే దండి విడివడుతుంది. సరిచేసి మళ్లీ అతుకవచ్చును. తరువాత ఎవరైనా గట్టి బంక పూసివుంటే మాత్రం ఎంత నేర్పరి అయినా తల పట్టుకోవలసినదే.

బాగుచేసేవాని చేతిలో వాద్యం ఎంత నిస్సహాయమో తెలిపే ఉదంతం ఒకటి వున్నది. గాయని జోన్ బాయెజ్ చాలాకాలం వాయించినది 1929 నాటి ‘సున్న’ కొలత మార్టిన్ గిటారే. ఆమె యుద్ధాన్నీ వర్ణభేదాన్నీ ఎదిరించిన మనిషి. 1998లో ఆ గిటారుకు నకళ్లు చేయడానికి పూనుకొని లోపల పరికించినవారికి, పైపలక అడుగున పెన్సిలు వ్రాత కనబడినది. ‘నీవు కమ్యూనిస్టువు కావడం విచారకరం’ అని పూర్వం బాగుచేసినవాడెవడో వ్రాసిపెట్టినాడు! ఆ సంగతి తెలియక ఆమె యేండ్ల తరబడి ఆ పలకను గుండెలకు ఆనించుకొనే పాడినది.