రీతూ ఫోగట్: కుస్తీ నుంచి మిశ్రమ యుద్ధకళలకు

హర్యానా రాష్ట్రం బలాలీ గ్రామంలో 1994లో జన్మించిన రీతూ ఫోగట్, ద్రోణాచార్య పురస్కార గ్రహీత, తండ్రి మహావీర్ సింగ్ ఫోగట్ వద్ద కుస్తీ అభ్యసించారు. ప్రముఖ మల్లయోధులు గీత, బబిత ఆమె అక్కలు. 2016 కామన్వెల్త్ కుస్తీ పోటీలలో స్వర్ణ పతకం, 2017లో పోలెండ్‌లో జరిగిన 23 ఏళ్ళలోపు వారి ప్రపంచ పోటీలలో 48 కిలోల విభాగంలో రజత పతకం సాధించారు.

టోక్యో ఒలింపిక్స్ సమీపిస్తున్న తరుణంలో, 2019లో ఆమె కుస్తీని వీడి, సింగపూర్ కేంద్రంగా గల వన్ ఛాంపియన్‌షిప్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకున్నారు. అదే ఏడాది నవంబరులో బీజింగ్‌లో జరిగిన తొలి పోరులో దక్షిణ కొరియా క్రీడాకారిణి నామ్ హీ కిమ్‌ను మొదటి రౌండులోనే ఓడించారు. 2020 చివరి నాటికి వరుసగా నాలుగు విజయాలు నమోదు చేశారు.

కుస్తీలో ప్రత్యర్థి భుజాలను నేలకు ఆనిస్తే పోరు ముగిసి విజయం దక్కుతుంది. మిశ్రమ యుద్ధకళలలో మాత్రం పోరు అక్కడితో ముగియదు. కిందపడినవారు సైతం ప్రత్యర్థి కీళ్ళను బంధించి గెలుపొందవచ్చును. పడగొట్టడంలో నేర్పరి అయిన రీతూకు ఈ తేడాయే అసలు పరీక్ష అయింది. 2021 డిసెంబరులో అటామ్‌వెయిట్ గ్రాండ్ ప్రీ ఫైనల్‌కు చేరిన ఆమె, థాయిలాండ్‌కు చెందిన స్టాంప్ ఫెయిర్‌టెక్స్ ప్రయోగించిన ఆర్మ్‌బార్ పట్టుకు రెండవ రౌండులో ఓటమి అంగీకరించారు. కుస్తీ నుంచి ఈ రంగానికి వచ్చే క్రీడాకారులకు పట్టు విడిపించుకొనే శిక్షణ ఎంత అవసరమో ఆమె క్రీడాజీవితం తెలియజేస్తున్నది.