కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ

కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ (1921 సెప్టెంబరు 14 – 2005 సెప్టెంబరు 28) అమెరికాలో ఫెడరల్ న్యాయమూర్తి అయిన తొలి నల్లజాతి మహిళ. కరీబియన్ దీవి నెవిస్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో, కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో జన్మించారు. 1946లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా పొందారు. పౌరహక్కుల న్యాయవాదిగా సుప్రీంకోర్టులో 10 కేసులు వాదించి 9 గెలిచారు. 1962లో నల్లజాతి విద్యార్థి జేమ్స్ మెరెడిత్‌కు మిసిసిపీ విశ్వవిద్యాలయంలో ప్రవేశం దక్కింది ఆమె నడిపిన వ్యాజ్యంతోనే. 1966లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆమెను న్యూయార్క్ దక్షిణ జిల్లా ఫెడరల్ కోర్టుకు నియమించారు.

ఆమె తీర్పుల్లో తరచు ప్రస్తావనకు వచ్చేది 1978 నాటిది. బేస్‌బాల్ మైదానమైన యాంకీ స్టేడియంలో ఆటగాళ్లు దుస్తులు మార్చుకునే గదిలోకి మగ విలేఖరులను రానిచ్చి, మహిళా విలేఖరి మెలిస్సా లడ్‌కీని ఆపడం చెల్లదని తేల్చారు. ఆటగాళ్ల మరుగుకు తెరలు కట్టినా సరిపోతుందన్నారు. 1982–86 మధ్య ఆ జిల్లా కోర్టు ప్రధాన న్యాయమూర్తిగా, తరువాత మరణించేవరకు సీనియర్ న్యాయమూర్తిగా కొనసాగారు.