వెంట్రుక కుదురు గంధాన్ని పసిగట్టింది

పెనుకొండ బాబయ్య స్వామి ఉరుసంటే గంధం. ఆ వాసన పట్టడం ముక్కు పనే అనుకుంటాం కదా! నెత్తి మీది వెంట్రుక కుదురు కూడా అలాంటి పనే చేస్తుందని 2018 సెప్టెంబరులో ‘నేచర్ కమ్యూనికేషన్స్’ పత్రిక ప్రకటించింది.

ముక్కులోని వాసన గ్రాహకాల గుట్టు విప్పిన లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. మనిషికి అవి సుమారు 400 రకాలు. వాటిలో ఓఆర్2ఏటీ4 అనేది చర్మకణాల్లోనూ ఉందని 2014లో జర్మనీలోని బోకుమ్‌లో హాన్స్ హాట్ బృందం చూపించింది. గంధపు వాసనగల కృత్రిమ రసాయనం శాండలోర్ తగిలితే ఆ గ్రాహకం మేల్కొంటుంది.

జుట్టు సంగతి రాల్ఫ్ పౌస్, జెరెమీ షెరే బృందం పట్టుకుంది. శస్త్రచికిత్సల్లో మిగిలిన నెత్తి చర్మం నుంచి ఒక్కో కుదురునూ తీశారు. దేహం లేదు, నెత్తురు లేదు. గాజు పాత్రలో పోషక ద్రవం మాత్రమే. అయినా కుదురు కొద్దిరోజులు బతుకుతుంది, వెంట్రుకను పెంచుతుంది కూడా. తర్వాత పెరుగుదల మాని ముడుచుకుంటుంది. ఆ ద్రవంలో శాండలోర్ కలిపితే ఆ ముడుచుకోవడం ఆలస్యమైంది. చచ్చే కణాలు తగ్గాయి, జుట్టును పెంచే ఐజీఎఫ్-1 పెరిగింది. గ్రాహకాన్ని మూసే ఫెనిరాట్ అనే మరో రసాయనం తోడు చేస్తే ఆ ఫలితం పోయింది.

నన్ను ఆపి ఆలోచింపజేసింది మాత్రం ఆ తర్వాతి ప్రయోగం. ఈసారి గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు నోరే నొక్కేశారు. పెరుగుదల కుంటుపడింది. అంటే బయటి సుగంధం వల్ల కలిగే లాభం ఒక్కటే కాదు. కుదురుకు తన మామూలు పనికే ఈ గ్రాహకం కావాలి. లోపల దాన్ని సహజంగా తట్టి లేపేదేమిటన్నదే అసలు ప్రశ్న.

ఈ పరిశోధనకు జుట్టు మందులమ్మే ఇటలీ కంపెనీ జూలియానీతో సంబంధం ఉంది. కాబట్టి కొంచెం ఆగి చదవాలి. పైగా ఇదంతా గాజు పాత్రలో, శాండలోర్‌తో జరిగిన పని. సానరాయి మీద అరగదీసిన గంధం బట్టతలకు పూస్తే నెత్తి చల్లబడొచ్చు. జుట్టు మొలుస్తుందని ఈ ప్రయోగం చెప్పలేదు.